సగటు పెరిగిన ట్యాంకు

కరోనా సద్దుమణిగిన తర్వాతి వేసవిలో, మరో ఏడాదికి నా రిటైర్మెంట్ అనగా, నాకు ఆఖరి ఫీల్డ్ పని పడింది. అప్పటికి నేను నాచారం పారిశ్రామికవాడలో కొలత పరికరాలు తయారుచేసే ఒక ప్రైవేటు కంపెనీలో కాలిబ్రేషన్ విభాగానికి సీనియర్ మేనేజర్ని. ట్రైనీ ఇన్‌స్పెక్టర్‌గా చేరిన చోటే అంత దాకా వచ్చాను. మొదట్లో ఆ విభాగానికి నేనొక్కదాన్నే ఆడమనిషిని, చివరి వరకూ నేనొక్కదాన్నే మిగిలాను. నాకు ముక్కు మీద కోపమని ఆఫీసులో పేరు. ఆ పేరు ఊరికే రాలేదు, కష్టపడి సంపాదించుకున్నాను.

కాలిబ్రేషన్ అంటే ఏమిటో చాలామందికి తెలియదు. కాకినాడలో మా చుట్టాలు ఇప్పటికీ నేను మీటర్లు రిపేరు చేసేదాన్ననే అనుకుంటారు. రిపేరు కాదు. కొలత ముందే నికరంగా తెలిసిన వస్తువును పరికరం చేత కొలిపించి, అది చెప్పింది నిజమేనా, తేడా ఎంత, ఆ తేడా ఒప్పుకోదగ్గదేనా అని తేల్చడం మా పని. కూరగాయల బండివాడి తూకంరాయిని మరో తూకంలో వేసి చూడడం లాంటిదే. కాకపోతే మాది వెంట్రుక మందంలో వంతులతో వ్యవహారం. బేరింగు గుండ్లు, పిస్టన్ పిన్నులు, ఇంజెక్షన్ సూదులు, ఇవే నా జీవితమంతా. అలాంటిదాన్ని ఒకరోజు సేల్స్ హెడ్ రఘువీర్ పిలిచి చేపల ఫారానికి వెళ్లిరమ్మన్నాడు.

నాచారంలో చేపల ఫారమేమిటని నేనూ అడిగాను. మా ఆఫీసుకు రెండు వీధుల అవతల, మూతపడిన ఒక ప్లాస్టిక్ మౌల్డింగ్ షెడ్డులో ఉంది అది. చెరువు లేదు, గట్టు లేదు. ఇనుప రేకుల కప్పు కింద వరుసగా నీలం రంగు గుండ్రటి ట్యాంకులు, వాటిలోంచి నీళ్లను లాగి, మురికి వడగట్టి, శుభ్రం చేసి తిరిగి పంపే పైపులు, పంపులు. అవే నీళ్లు తిరుగుతూ ఉంటాయి, చేపలు పెరుగుతూ ఉంటాయి. యజమాని శ్రీనివాస్‌ది ఉప్పల్ పాత ఊరి కుటుంబం. తాతల నాడు వ్యవసాయం, తండ్రి నాడు ప్లాస్టిక్ బకెట్లు. ఇతను సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి, తండ్రి షెడ్డులోనే కొర్రమీను పెంచడం మొదలుపెట్టాడు. హైదరాబాదులో కొర్రమీనుకు ఎంత గిరాకీయో చెప్పనక్కరలేదు. ముల్లు తక్కువ, రుచి ఎక్కువ, పైగా గాలి పీల్చే చేప కాబట్టి టబ్బులో బతికుండగానే అమ్ముడుపోతుంది.

ఆ ఫారానికి మా కంపెనీ ఒక కెమెరా అమ్మింది. నీళ్లు చొరని పెట్టెలో రెండు కళ్లలాగా పక్కపక్కనే రెండు లెన్సులు ఉంటాయి. దాన్ని రోజుకో ట్యాంకులో ముంచి ఉంచుతారు. ఎదురుగా చేప వెళ్లినప్పుడల్లా రెండు కళ్లతో చూసి దాని పొడవు, ఎత్తు పట్టుకుంటుంది. ఇంత పొడవున్న చేప ఇంత బరువుంటుందనే సూత్రంతో బరువు కట్టి, రోజు చివర సగటు తీసి తెర మీద గీత గీస్తుంది. చేపను ముట్టుకోకుండా తూకం. మా బ్రోచర్ అట్ట మీద అదే మాట పెద్దక్షరాలతో ఉండేది.

ఆ గీత నెలల తరబడి చక్కగా పైకి పాకింది. శ్రీనివాస్ సంతోషించాడు, తెర ఫోటోలు తీసి పదిమందికీ పంపాడు. తీరా అమ్మకానికని ఒక ట్యాంకు నీళ్లు దించి వల వేస్తే, తెర చెప్పిన సంఖ్యలో సగం కూడా లేవు. మిగతా ట్యాంకులు చూసుకున్నాడు, అవీ అంతే. చచ్చి తేలిన చేప ఒక్కటి కూడా ఎవరికీ కనపడలేదు. అతను మా కంపెనీకి రెండే ముక్కలు రాశాడు: మీ కెమెరా అయినా అబద్ధం చెబుతూ ఉండాలి, లేకపోతే నా దగ్గర దొంగ అయినా ఉండాలి, ఏదో తేల్చండి.

రఘువీర్‌కు ఇందులో తేల్చవలసింది ఏమీ కనిపించలేదు. ‘కెమెరా కరెక్టని ఒక్క సర్టిఫికెట్ ఇచ్చి వచ్చేయండి మేడమ్, అంతే’ అన్నాడు. అంతేనా, ఇంకా ఉందా అన్నది చూసి వచ్చాక నేను చెప్పాలి గానీ పంపేటప్పుడు నువ్వు కాదు నాయనా అన్నాను. అతను నవ్వాడు.

షెడ్డులో నన్ను ట్యాంకుల దగ్గరికి తీసుకెళ్లినవాడు మల్లేశ్. ట్యాంకుల సూపర్‌వైజర్ అని హోదా, చేసేది మాత్రం అన్ని పనులూ. నలభై దాటిన మనిషి, భుజాలు గట్టివి, మాట మెల్లన. ఒకప్పుడు ఉప్పల్ చెరువులో వల వేసిన కుటుంబమే. చెరువులోకి మురుగు చేరి చేప చచ్చాక ఇలా షెడ్డులోకి వచ్చాడు. అతని ఎదురుగానే శ్రీనివాస్ నాతో చెప్పాడు, ‘ఇతని భార్య ఉప్పల్ మార్కెట్ల చేపలమ్ముతది మేడమ్. నేను ఎవల పేరు చెప్తలేను. చచ్చినయి కనవడాలె గద. ఒక్కటి తేలలే. మరి ఏడికి పోయినయి?’ అని. పేరు చెప్పడం లేదంటూ మనిషిని పక్కనే నిలబెట్టి వేలెత్తి చూపడం నాకు నచ్చలేదు. కానీ నేను కొలవడానికి వచ్చిన మనిషిని.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే రకం కాదు మల్లేశ్. నేను పనిముట్లు విప్పుతుంటే తనే అందుకున్నాడు. ‘మా ఇంటామె చేపలమ్ముతది మేడమ్, దాస్తే దాగుతదా? తెల్లారంగనె పోయి హోల్‌సేల్ల కొంటది. నేను ఈడికెల్లి ఒక్క తోక ముట్టలే’ అన్నాడు. ఆ ఉద్యోగం పోతే పోయింది, దొంగ అనే పేరు పడితే భార్య టబ్బు దగ్గరికి ఇంకెవరూ రారన్నది అతని దిగులు. ఆ సంగతి అతను చెప్పకుండానే నాకు అర్థమైంది.

పని మొదలుపెట్టాం. ముందు నలుపు తెలుపు గళ్లున్న పలకను నీళ్లలో దించి, వేర్వేరు దూరాల్లో, వేర్వేరు వంపుల్లో కెమెరాకు చూపించాలి. గళ్ల కొలత మాకు తెలుసు కాబట్టి కెమెరా చూపు ఎక్కడ వంకరపోతోందో బయటపడుతుంది. తర్వాత రబ్బరు చేపలు. పొడవు ముందే కొలిచి పెట్టుకున్న రబ్బరు కొర్రమీనులు నా సంచిలో పిల్లల బొమ్మల్లా ఉంటాయి. వాటిని కర్రకు కట్టి మల్లేశ్ కెమెరా ముందు ఈదించాడు. నిజం చేప ఒకటి వచ్చి రబ్బరు చేపను మూతితో పొడిచి పోయింది. అతను నవ్వితే నేనూ నవ్వాను.

కెమెరా రాకముందు ఎలా చేసేవారని మాటల్లో అడిగాను. నీళ్లు దించి, చేపలన్నిటినీ వలతో పట్టి, పెద్దవి ఒక ట్యాంకులోకి, మధ్యరకం ఒక దాంట్లోకి, చిన్నవి ఇంకో దాంట్లోకి చేతులతో ఏరేవారట. దాన్ని వాళ్లు ఏరుడు అనేవారు. నెలకోసారో రెండుసార్లో తప్పదు. ఏరిన తర్వాత చేప బెదిరిపోయి కొన్నాళ్లు మేత ముట్టేది కాదు. కెమెరా వచ్చాక తూకం తెర మీదే తెలుస్తోంది కదా అని ఏరుడు మాన్పించారు. ‘మంచిగనే అనిపిచ్చింది మేడమ్. చేతులు కొరికేటియి. గీ కెమెరా వొచ్చినంక జర పానం సుకమైంది’ అని అరచేతులు చూపించాడు. సన్నటి గాట్లు చాలా ఉన్నాయి. అవన్నీ పాతబడి తెల్లగా అయిపోయాయి.

సాయంత్రానికి లెక్క తేలింది. కెమెరా చేప పొడవును ఒప్పుకోదగ్గ తేడాలోపలే చెబుతోంది. ఆ ముక్క రఘువీర్‌కు ఫోన్లో చెప్పి, ఇది సగం పనేనని, మిగతా సగం అయ్యేదాకా కస్టమర్‌కు ఏమీ పంపవద్దని స్పష్టంగా అన్నాను. ఎందుకంటే ఆ కెమెరా చేపలను లెక్కపెట్టదు. ఒకే చేప పదిసార్లు ఎదురుగా వెళ్తే పదిసార్లు కొలుస్తుంది. తెర మీద కనిపించే సంఖ్య మనుషులు టైపు చేసింది: మొదట వదిలిన పిల్లలు ఇన్ని, అందులోంచి చచ్చి తేలినవి ఇన్ని తీసేయగా మిగిలినవి. తేలినవి ఏమీ లేవు కాబట్టి ఆ సంఖ్య మొదటి రోజు నుంచీ కదలలేదు. కొలిచిన సగటును కొలవని సంఖ్యతో హెచ్చవేసి మొత్తం బరువు చూపిస్తోంది తెర. ఇది నేను చెబుతుండగానే అతను సరే మేడమ్, సరే మేడమ్ అని ఫోన్ పెట్టేశాడు. పెట్టేసి, ఆ సాయంత్రమే శ్రీనివాస్‌కు మెయిల్ పంపాడు: మా సీనియర్ మేనేజర్ స్వయంగా పరీక్షించారు, కెమెరాలో ఎలాంటి లోపమూ లేదు. అబద్ధం ఒక్క అక్షరం లేదందులో.

మరునాడు ఆఫీసులో కూర్చుని, ఫారం నుంచి కాపీ చేసుకొచ్చిన కొలతలను విప్పాను. సగటు గీత కాదు, దాని వెనకున్న విడివిడి కొలతలు. కస్టమర్ తెర మీద అవి కనపడవు, గందరగోళమని మావాళ్లే దాచేశారు. మొదటి నెలల్లో చిన్నవి, మధ్యరకం, పెద్దవి అన్నీ ఉన్నాయి. తర్వాత చిన్నవి తగ్గుతూ వచ్చాయి. ఆ తర్వాత మధ్యరకంలో చిన్నవి. చివరికి వచ్చేసరికి దాదాపు పెద్దవే. అన్ని చేపలూ ఎదిగితే, ఆ కొలతలను చిన్న నుంచి పెద్దకు పేర్చి గీసిన బొమ్మ మొత్తంగా పెద్ద వైపుకు, ముందుకు జరగాలి. ఇక్కడ అలా జరగలేదు. పెద్దవి కాస్త ముందుకు జరిగాయి, వెనకనున్నవి మాయమయ్యాయి. బేరింగు గుండ్ల పనిలో ఇది నేను వందసార్లు చూశాను. ఒక లాటులోంచి సన్నవాటిని ఎవరైనా ఏరేస్తే మిగిలినవాటి సగటు లావెక్కుతుంది. ఒక్క గుండు కూడా లావెక్కి ఉండదు.

అంటే ట్యాంకులోంచి ఎవరో చిన్నవాటినే ఏరేస్తున్నారు. నేను కాకినాడ పిల్లను, చేపల సంచి మోసుకుంటూ పెరిగినదాన్ని. ఏ దొంగ అయినా సంతలో అమ్ముకోవడానికి అరచేతిలో పట్టేంత చేపను ఎత్తుకెళ్లి, మోచేతంత చేపను వదిలేసి పోతాడా? చిన్న చేపను పెద్ద చేప మింగుతుందని అరుగు మీద కూర్చున్న ప్రతివాడూ లోకం తీరు గురించి చెబుతాడు. చేపల షెడ్డులో మాత్రం ఆ మాట ఎవరికీ గుర్తు రాలేదు. ఫైలు మూయకుండానే లేచి ఫారానికి నడిచాను.

మల్లేశ్ లేడు. అతని స్థానంలో సెక్యూరిటీ గార్డు కూర్చుని ఉన్నాడు. అడిగితే శ్రీనివాస్ తన గదిలోకి తీసుకెళ్లి ఫ్యాను వేశాడు. మీ మెయిల్ వచ్చింది గదా మేడమ్ అన్నాడు. కెమెరా తప్పు కాదని తేలాక మిగిలింది దొంగేనని, సెక్యూరిటీ ఏజెన్సీ సూపర్‌వైజర్‌ను పిలిచి మల్లేశ్‌ను అడిగించాడట. జనరేటర్ గదిలో అడిగారు. అతను ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోతే కొట్టారు. చెంప మీద పడిన దెబ్బకు చెవిలోంచి నెత్తురు వచ్చిందని, దవాఖానాకు పంపించామని, ఖర్చులు తనే పెట్టుకున్నానని చెప్పాడు. ‘గట్టిగ అడగమన్న మేడమ్. కొట్టమని అనలే’ అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. అరవలేదు, అరిస్తే పని ఆగిపోతుందని. ట్యాంకులోంచి ఒక పెద్ద చేపను పట్టించమన్నాను. ఎందుకన్నాడు. పట్టించు, తర్వాత చెబుతాను అన్నాను. గార్డుకు వల పట్టడం చేతకాక చాలాసేపు తిప్పలు పడ్డాడు. చివరికి కడుపు ఉబ్బుగా ఉన్న కొర్రమీను ఒకటి చిక్కింది. క్యాంటీన్‌లోంచి కత్తిపీట తెప్పించాను. మల్లేశ్ కూర్చునే బల్ల మీద పాత పేపరు పరిచి, చీర కుచ్చిళ్లు దోపుకుని, ఇంట్లో ఆదివారం చేసినట్టే కడుపు చీల్చాను. లోపల ఇంకో కొర్రమీను ఉంది. తల లోపలికి, తోక గొంతు వైపుకు. తల సగం కరిగిపోయింది, తోక ఇంకా మెరుస్తోంది. రెండోది పట్టించమన్నాను. అందులోనూ ఉంది. మూడోది నేను అడగకముందే శ్రీనివాస్ ఇక చాలన్నట్టు గార్డు చేతిలోని వల లాక్కున్నాడు.

శవాలు ఎందుకు తేలలేదో అప్పుడు అతనికి తెలిసింది. జరిగింది అంతా విప్పి చెప్పాను. ఏరుడు అంటే తూకం కోసం మాత్రమే కాదు, పెద్దవాటి నోటి ముందు నుంచి చిన్నవాటిని తప్పించడం కూడా. అది మానేశారు. ఇంకొకటి చేశారు. తెర మీద సగటు పెరిగినప్పుడల్లా మేత గుళిక సైజు పెంచారు, మా సాఫ్ట్‌వేరే పెంచమని సలహా చెప్పింది. పెద్ద గుళిక చిన్న చేప నోట పట్టదు. తినలేక అది ఇంకా చిన్నదై, ఇంకా తేలిగ్గా పక్కదానికి ఆహారమైంది. చిన్నది పోయినకొద్దీ సగటు పెరిగింది, సగటు పెరిగినకొద్దీ గుళిక పెరిగింది. లేని చేపలకు వేసిన మేత అడుగున కుళ్లి నీళ్లు పాడైతే, చేప ఎదిగింది కాబట్టి మురికి పెరిగిందనుకున్నారు. నెలల తరబడి ఆ షెడ్డులో జరిగిన చావునంతా తెర ఎదుగుదల అని చూపించింది.

శ్రీనివాస్ అంతా విన్నాడు. ‘ఏరుడు బంద్ చెయ్యమని మీ కంపెనోళ్లే చెప్పిన్రు గద మేడమ్’ అన్నాడు. నిజమే. బ్రోచర్ మాది, సలహా మాది, మెయిల్ మాది, గార్డులు అతనివాళ్లు. తిలాపాపం తలా పిడికెడు. కాకపోతే పిడికిళ్లన్నీ కలిసి పడింది ఒక్క మనిషి చెంప మీద.

నా రిపోర్టు ఆ రాత్రి కాకముందే రాసి ఇచ్చాను. దొంగతనం జరగలేదని, చేపలు ఒకదాన్నొకటి తిన్నాయని, మల్లేశ్ మీద అనుమానానికి కొలతల్లో ఏ ఆధారమూ లేదని పేరు పెట్టి రాశాను. రఘువీర్ దాన్ని చదివి, ఇది కంపెనీ లోపలి కాగితం, బయటికి పోరాదు అన్నాడు. ఆ చివరి పేరా అసలు మన పరిధిలోకి రాదన్నాడు. నీ మెయిల్ పరిధిలోకి వచ్చిందా అని అడిగాను. ఎండీ వరకూ వెళ్లాం. ఎండీ ఇద్దరికీ కాఫీ తెప్పించి, పేరా ఉండనిమ్మని, కాగితం బయటికి మాత్రం వద్దని చెప్పాడు. మా కంపెనీలో న్యాయం అంటే అంతే. కాగితాన్ని ఆపారు, నా నోటిని కాదు. అలా అని నాకు నేనే అర్థం చెప్పుకుని ఉప్పల్ బయలుదేరాను.

మెట్రో స్టేషన్ రద్దీ దాటి పాత ఊరి సందుల్లోకి వెళ్తే మల్లేశ్ ఇల్లు. రేకుల గది, ముందు చిన్న అరుగు, అరుగు మీద బోర్లించిన చేపల టబ్బులు. మల్లేశ్ గోడకు ఆనుకుని కూర్చున్నాడు, ఎడమ చెవిలో దూది. కర్ణభేరి పగిలిందని, ఆ వైపు వినికిడి వస్తుందో రాదో చెప్పలేమని డాక్టర్లు అన్నారట. నేను ఎడమ వైపు కూర్చుని అంతా చెప్పాను. అతను నా పెదవుల వైపు చూస్తున్నాడు. అతని భార్య లక్ష్మి వచ్చి కుడి చెవి దగ్గర వంగి మళ్లీ మొదటి నుంచీ చెప్పింది. ‘చేపలే తిన్నయా?’ అన్నాడతను. చెవిలో దూది సర్దుకుని, ‘మేడమ్, నేను గుడ ఏరుడు బంద్ అయిందని సంతోషపడితి’ అన్నాడు. అందులో నీ తప్పేమీ లేదు మల్లేశ్ అన్నాను. వినిపించిందో లేదో.

లక్ష్మికి ఆ కబురు సరిపోలేదు. ఆమె నన్ను తిట్టలేదు, ఏడవలేదు. ‘మంచిది మేడమ్, మీరొచ్చి చెప్పిన్రు. గని మాకు తెల్సిందే మాకు చెప్తే ఏం ఫాయిద? మార్కెట్ల అందరు కెమెరాల దొరికిండు అనుకుంటున్నరు. నా టబ్బు కాడికి ఒక్కలు రాట్లే. మీరు గాడికొచ్చి చెప్పుండ్రి’ అంది.

కెమెరాలో దొరికాడు! నాకు అప్పటి దాకా తట్టలేదు. ఊళ్లో కెమెరా అంటే గోడ మీది కెమెరా, మనిషిని పట్టుకునే కెమెరా. ఫారంలో కెమెరా ఉందట, కంపెనీవాళ్లు వచ్చి చూశారట, కెమెరా కరెక్టే అన్నారట, మర్నాడే మల్లేశ్‌ను కొట్టారట. నాలుగు ముక్కలూ నిజమే. వాటిని పక్కపక్కన పెట్టి చూసిన ఎవరికైనా మల్లేశ్ చేప ఎత్తుతుండగా బొమ్మలో పడ్డాడనే అనిపిస్తుంది. రఘువీర్ రాసిన ఆ ఒక్క వాక్యాన్ని గార్డులు తమ భాషలోకి మార్చుకున్నారు, సంత ఇంకో భాషలోకి మార్చుకుంది.

ఆదివారం పొద్దున్నే మార్కెట్‌కు వెళ్లాను. నీళ్ల గచ్చు, బూడిద, పొలుసులు, కత్తిపీటల చప్పుడు. లక్ష్మి టబ్బులో కొర్రమీనులు మూతులు పైకెత్తి గాలి పీల్చుకుంటున్నాయి. చుట్టుపక్కల టబ్బుల దగ్గర జనం, ఆమె దగ్గర ఎవరూ లేరు. నేను నిలబడి పక్కనున్న ఆడవాళ్లందరినీ పిలిచి, నేను ఎవరినో, ఎక్కడ పనిచేస్తానో చెప్పి, మల్లేశ్ ఒక్క చేప కూడా తీయలేదని, అది నేను పరీక్షించి తేల్చానని చెప్పాను. నా గొంతు పెద్దదే, అందరికీ వినిపించింది.

వాళ్లలో పెద్దామె, పేరు అనసూయమ్మట, చేప కోస్తూ చెయ్యి ఆపింది. ‘గా కెమెరా మీ కంపెనీదేనా మేడమ్?’ అని అడిగింది. మాదే అన్నాను. ‘కెమెరా కరెక్టన్నది గుడ మీరేనంట గద?’ అవును, కానీ అది నీళ్లలో ఉండే కెమెరా, దానికి మనుషులు కనపడరు, చేపలే కనపడతాయి అన్నాను. ‘నీళ్లల్ల కెమెరా పెట్టి చేపలను సూస్తరా?’ అని ఇంకొకామె నవ్వింది. చేపలే చేపలను తిన్నాయని చెప్పాను. షెడ్డులో పెట్టి మేపితే కూడా తింటాయా, అంత మేత ఏం చేసుకున్నాయి అని అడిగారు. గుళిక సైజు, సగటు, ఏరుడు, అన్నీ చెప్పాను. చెబుతున్నకొద్దీ నా మాటలు నాకే వంకలు చెబుతున్నట్టు వినిపించాయి. దొంగతనం అన్న మాట ఒక్క ముక్కలో అయిపోతుంది. నా నిజానికి అరగంట కావాలి, పైగా చేతిలో కాగితం లేదు. అనసూయమ్మ చెడ్డ మనిషి కాదు. లక్ష్మి వైపు చూసి, ‘మంచిగైంది పొల్లా, మేడమొచ్చి చెప్పింది’ అంది. అటు తిరిగి పక్కామెతో మాత్రం, నిప్పు లేంది పొగ రాదు, పెద్ద కంపెనోళ్లు, మాట్లాడుకొని ఉంటరు అంది. అది నాకు వినపడాలని అనలేదు, కానీ వినపడింది.

అంతలో ఒకాయన సంచి పట్టుకుని వచ్చి లక్ష్మి టబ్బులోకి వంగి చూశాడు. చేపలు బాగున్నాయి, ధర అడిగాడు. లక్ష్మి చెప్పింది. ఆయన పక్క టబ్బులవాళ్ల మొహాలు ఒకసారి చూసి, తర్వాత వస్తానని ముందుకు వెళ్లాడు. నేనే రెండు చేపలు కొన్నాను. లక్ష్మి కోయడానికి కత్తిపీట తీస్తే వద్దని అలాగే సంచిలో వేయించుకున్నాను. ఇంటికి తెచ్చాను గానీ కడుపు కోయడానికి చెయ్యి రాలేదు. మా పనిమనిషికి ఇచ్చేశాను.

తర్వాత జరిగినవి క్లుప్తంగా చెబుతాను. శ్రీనివాస్ మల్లేశ్‌ను మళ్లీ పనిలోకి పిలిచాడు, అతను వెళ్లలేదు. ఏజెన్సీవాళ్లు ఆ సూపర్‌వైజర్‌ను వేరే చోటికి మార్చారు. వానాకాలం వెళ్లేలోగా ఫారం మూతపడింది, షెడ్డు ఇప్పుడు ఏదో కొరియర్ గోదాము. మల్లేశ్ కాప్రా వైపు అపార్ట్‌మెంట్లలో నీళ్ల ట్యాంకులు కడుగుతున్నాడు. లక్ష్మి ఉప్పల్ వదిలేసి మౌలాలిలో, తనను ఎవరూ ఎరగని చోట టబ్బు పెట్టుకుంది. నేను రిటైరయ్యాక ఒకసారి అటు వెళ్తే కనిపించింది. బొచ్చె, రవ్వ చేపలు, రొయ్యలు ఉన్నాయి. కొర్రమీను లేదేమని అడిగాను. ‘గది అమ్మితే ఏడికెల్లి తెచ్చినవని అడుగుతరు మేడమ్’ అంది.

నేను నేర్చుకున్నది ఇది. సగటు ఉన్నవాటి లెక్క. పోయినవాటి గురించి దానికేమీ తెలియదు, పైగా బలహీనమైనవి ఎంత ఎక్కువగా పోతే అది అంత ఆరోగ్యంగా కనపడుతుంది. అందుకే మిగిలిన నా సర్వీసులో సంతకం చేసిన ప్రతి సర్టిఫికెట్‌లో, ఆ పరికరం ఏం కొలుస్తుందో చెప్పే ముందు ఏం కొలవదో మొదటి వాక్యంగా రాశాను. కస్టమర్లు బెదురుతున్నారని నేను దిగిపోయాక దాన్ని తీసేశారట. ఆ వాక్యం లేని ఒక్క మెయిల్‌కు మల్లేశ్ ఎడమ చెవి పోయింది.